చివరి మూడు వరుసలు

"మిషన్‌కి తాహిర్ మీద పగ ఏముంటాది మేడం?" అన్నాడు ఎస్‌ఐ రెడ్డెప్ప, పుంగనూరు స్టేషన్‌లో నా ముందు ఒక కాగితం పెట్టి దాన్ని వేలితో కొడుతూ. "మిషన్ రాసింది, ప్రింటు వచ్చింది. ఇంక మీరూ నేనూ మాట్లాడేదానికి ఏముండాది?"

నాకు అక్కడే ఒళ్ళు మండింది. మనిషి నోటితో చెబితే సవాలక్ష అనుమానాలు. అదే మాట కాగితం మీద వరుసగా అచ్చయి వస్తే మాత్రం కళ్ళకద్దుకుంటారు. ఆ కాగితాన్ని ఎవరు అచ్చు వేయించారో, ఏ కంప్యూటర్‌లోంచి తీశారో అడిగే నాథుడే లేడు.

నా పేరు షబ్నం. మదనపల్లెలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాను. అంతకుముందు అదే గదిలో పన్నెండేళ్ళు డీటీపీ షాపు నడిపాను. బోర్డు మార్చాను గానీ కుర్చీ మార్చలేదు. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పెళ్ళికొడుకుల ఆరాలు. నిన్న సాయంత్రం మాత్రం చౌడేపల్లె నుంచి బషీరా వచ్చింది. ఆమె భర్త తాహిర్‌ను పోలీసులు తీసుకుపోయారు. ఊళ్ళో అతన్ని పసిపిల్లలకు విషం పోసినవాడు అంటున్నారు.

సంగతి ఇది. శుక్రవారం పొద్దున మదనపల్లెలో ఒక ప్రైవేటు హాస్టల్‌లో పాలు తాగిన పిల్లలు వాంతులతో ఆస్పత్రి పాలయ్యారు. అందరూ కోలుకున్నారు, సమ్రీన్ అనే ఏడేళ్ళ పిల్ల తప్ప. ఆ పిల్ల గొంతు లోపల కాలిపోయింది. పాలల్లో కాస్టిక్ సోడా కలిసిందని డాక్టర్లు తేల్చారు. పాకెట్లు కుప్పంలోని సిరివాన డెయిరీవి. ఒక్క రోజు తిరగకుండానే ఆ కంపెనీ దోషిని పట్టి ఇచ్చింది. చౌడేపల్లె పాల సెంటర్ నడిపే తాహిర్, సోడా కలిసిన పాలని తెలిసీ తీసుకున్నాడట. ఈ సాయంత్రం అయిదింటికి అతన్ని కోర్టులో హాజరు పరుస్తారు. ఆ తర్వాత ఈ కేసు గురించి ఎవరూ ఇంకో మాట మాట్లాడరు. అసలు కలిపినవాడు హాయిగా ఇంకో డబ్బా సోడా తెచ్చుకుంటాడు.

"ఈ కాగితం ఎట్లా పుట్టిందో ఒకసారి నాకు చెప్పండి సార్," అన్నాను.

జవాబు రెడ్డెప్ప చెప్పలేదు. పక్క కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న సాయిప్రసాద్ చెప్పాడు. డెయిరీ కంపెనీ బెంగళూరు నుంచి పిలిపించిన కంప్యూటర్ నిపుణుడు అతను. ఇంతకుముందు ఒక ఇన్సూరెన్స్ కేసులో నాకు అడ్డుపడ్డాడు. నేను లోపలికి వచ్చినప్పటి నుంచి నన్ను చూసి నవ్వుతూనే ఉన్నాడు.

"చాలా సింపుల్ మేడం. రైతు పాలు తెస్తాడు. కొంచెం మిషన్‌లో పోస్తారు. రైతు కోడ్ నంబరు, లీటర్లు, వెన్న, సోడా పరీక్ష, అన్నీ ఒక వరుసగా కంప్యూటర్‌లో పడతాయి. ఒక రైతుకు ఒక వరుస. అందరూ అయిపోయాక ఆ ఫైలును తాహిర్ పెన్‌డ్రైవ్‌లో వేసి ట్యాంకర్ డ్రైవర్‌కి ఇస్తాడు. పుంగనూరులో పాలు చల్లబరిచే చిల్లింగ్ సెంటర్‌లో ఇంకో కంప్యూటర్‌లో పెట్టి, నెట్‌లో కుప్పం సర్వర్‌కి పంపుతారు. మాది లైనక్స్ సర్వర్. అందులోకి ఈగ కూడా దూరదు."

"తాహిర్ దగ్గర ఆ ఫైలు ఉంటుందా?"

"ఉండదు. కాపీ కాగానే సెంటర్‌లోనూ చిల్లింగ్ సెంటర్‌లోనూ చెరిగిపోతుంది. కంపెనీ పాలసీ."

అంటే నేరం మోపేదీ కంపెనీయే, సాక్ష్యం దాచుకునేదీ కంపెనీయే. పాలసీ అని పేరు పెడితే ఎంత అన్యాయమైనా ఎంత శుభ్రంగా వినిపిస్తుందో చూడండి.

కాగితం చూశాను. గురువారం పొద్దుటి ఫైలు. నలభై ఒక్క వరుసలు. చివరి మూడింట్లో సోడా పరీక్ష ఫెయిల్ అని, పక్కనే పాలు తీసుకున్నారు అని ఉంది. కోడ్‌లు నలభై ఏడు, యాభై రెండు, అరవై.

"ఇంకోటి చూడండి," అని సాయిప్రసాద్ లేచి, మూల బల్ల మీద ఉన్న పాత కంప్యూటర్ దగ్గరికి నన్ను తీసుకెళ్ళాడు. తాహిర్ సెంటర్ నుంచి స్వాధీనం చేసుకున్నది అది. కుప్పం నుంచి తెచ్చిన ఫైలును అందులో నోట్‌ప్యాడ్‌లో తెరిచాడు. ముప్పై ఎనిమిది వరుసలు ఒకదాని కింద ఒకటి బుద్ధిగా ఉన్నాయి. చివరి మూడు మాత్రం ఒకదానికొకటి అతుక్కుపోయి, ఒకే పొడుగాటి వరుసగా తెర బయటికి పాకిపోయాయి.

"ఎస్‌ఐ గారి కంప్యూటర్‌లో తెరిస్తే ఇవే మూడు వరుసలు విడివిడిగా కనిపిస్తాయి. ఇతని కంప్యూటర్‌లోనే ఇలా ఉన్నాయి. ఎందుకంటే ఇక్కడే కెలికాడు. తన తప్పు చెరపబోయాడు, చేతకాలేదు, ఫైలు దెబ్బతింది," అన్నాడు.

రెడ్డెప్ప తల ఊపాడు. నేను ఊపలేదు. అతుక్కున్న వరుసల్ని నేను ఎప్పుడో చూశాను. మదనపల్లెలో ముక్తియార్ భాయ్ ప్రెస్సుకు నా షాపు నుంచి పెళ్ళి పత్రికల మేటర్ పంపితే, ఆయన వేరే రకం కంప్యూటర్‌లో పెళ్ళికొడుకు పేరూ, పెళ్ళికూతురు పేరూ, షాదీఖానా అడ్రసూ ఒకే వరుసలో పడేవి. మేమిద్దరం ఫోన్‌లో అరుచుకునేవాళ్ళం. అందులో ఎవరి దొంగతనమూ లేదు.

తాహిర్‌తో మాట్లాడతానన్నాను.

తాహిర్ కటకటాల వెనక గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"సలాం ఆపా. ఆ పిల్లకి ఎట్లుండాది?"

అతను మొదట అడిగింది అది. నేను కాగితం చూసి సిద్ధం చేసుకున్న ప్రశ్నలన్నీ పక్కన పెట్టాల్సి వచ్చింది.

"ఐసీయూలోనే ఉంది. తాహిర్, గురువారం పొద్దున ఆఖరున పాలు పోసింది ఎవరు?"

"వెంకటరమణప్ప. దినమ్మూ ఆయప్పే ఆఖరు. రెండు ఆవులకి మేతేసి, నిదానంగా వస్తాడు. ఆయప్ప పోసినాకనే నేను కంప్యూటర్ ఆపేది."

కాగితంలో వెంకటరమణప్ప కోడ్ ముప్పై ఎనిమిదో వరుసలో ఉంది. ఆ తర్వాతవే ఆ మూడూ.

"నలభై ఏడు ఎవరు?"

"గౌరమ్మ." తాహిర్ కనుబొమలు ముడిచాడు. "గౌరమ్మ యాల ఆపా? ఆమె ఆవు ఈనింది కదా. ఈ వారమంతా పాలు పోయలేదు."

"యాభై రెండు?"

"ఆయన కుటుంబమంతా అరకొండ జాతరకి పోయినారు, ఇంకా రాలేదు. సెంటర్‌కి సెప్పేసి పోయినాడు."

"అరవై?"

"అరవై అమ్మేసినాడు ఆవుని. పోయిన నెలలోనే." అతను కటకటాలు పట్టుకున్నాడు. "వీళ్ళ పాలనా నేను తీసుకునింది అంటాండారు? ఎవురూ నాకు సెప్పలేదే ఆపా. సోడా పాలు తీసుకున్నావా, ఒప్పుకో, ఒప్పుకో అంటాండారు గానీ, ఎవురి పాలో అడగలేదు."

నేను వెనక్కి తిరిగి రెడ్డెప్పను చూశాను. ఆయన మొహం తిప్పుకున్నాడు. నిన్నటి నుంచి ఒక మనిషిని కూర్చోబెట్టి, ఎవరి పాలు అనే చిన్న ప్రశ్న ఒక్కరూ వేయలేదు. కాగితం ఉంది కదా, మనిషితో పనేముంది.

"రెండు గంటలు టైమివ్వండి సార్. చౌడేపల్లె వెళ్ళొస్తాను," అన్నాను.

"ఏదైనా అయిదులోపలే మేడం," అన్నాడు రెడ్డెప్ప. మాట మాత్రం మెత్తబడింది.

చౌడేపల్లెలో పాల సెంటర్‌కి సీలు వేసి ఉంది. తలుపు మీద ఎవరో బొగ్గుతో బూతులు రాశారు. కిటికీలోంచి చూస్తే స్టీలు బల్ల, కడిగి బోర్లించిన క్యాన్లు, గోడకు తాహిర్ తగిలించిన తువ్వాలు కనిపించాయి. పాల మిషన్ మూతికి గుడ్డ కట్టి ఉంది. ఇంత శుభ్రంగా ఉంచుకునే మనిషి మీద ఆ రాతలు!

గౌరమ్మ ఇల్లు పక్క సందులోనే. కొట్టం ముందు ఆమె నన్ను ఆపేసింది.

"నువ్వెవురమ్మా? నువ్వూ నా ఆవుకి సోడా తాపించినానా అని అడిగేదానికి వచ్చినావా? పొద్దుటి నుంచీ నలుగురు వచ్చి పోయినారు. ముప్పై ఏండ్లుగా పాలు పోస్తాండాను. నీళ్ళు కలిపినానని కూడా ఒకడు అన్లేదు."

"ఆవును చూడనిస్తావా అమ్మా?"

ఆ మాటకు ఆమె కొంచెం తగ్గింది. కొట్టంలో జెర్సీ ఆవు, దాని పక్కన ఎర్రటి దూడ ఉన్నాయి. దూడ పొట్ట కింద బొడ్డు తాడు ఎండి ఇంకా వేలాడుతోంది.

"ఎప్పుడు ఈనింది?"

"బుధవారం సాయంకాలం. సూలు కష్టమై పక్కింటి మునెమ్మ వచ్చి దూడని లాగింది. వీధంతా ఈడనే ఉండారు."

"గురువారం పొద్దున నువ్వు సెంటర్‌లో అయిదున్నర లీటర్లు పోసినావని రాసి ఉంది."

గౌరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఊళ్ళో పుట్టి పెరగని మనిషిని చూసే చూపు అది.

"జున్నుపాలు సెంటర్‌కి పోస్తారా తల్లీ? అవి కాస్తే విరిగిపోతాయి. ఆ క్యాన్‌లో ఒక సెంబు పడినా ట్యాంకర్ అంతా పాడవుతాది. తాహిరు మూత కూడా తీయనీడు. మా కాడ ఈనిన ఆవు పాలు పదిదినాలు సెంటర్ మొగం సూడవు. మొదటి పాలు దేవుడికి, మిగిలిండేవి వీధిలో ఇంటికింత. తాహిరు ఇంటికీ పంపినా. బషీరా గిన్నె ఊరికే ఇయ్యకుండా అంత బెల్లం ముక్క యేసి ఇచ్చింది. అడుగుపో."

అడిగాను. బషీరాను మాత్రమే కాదు, మునెమ్మనూ, ఎదురింటి వాళ్ళనూ. వీధి వీధంతా గురువారం జున్ను తిన్నది. పాలు కాసే కంపెనీకి మాత్రం ఆ సంగతి తెలియదు. నా అనుమానం ఒకటే. కుప్పంలో ఏసీ గదిలో కూర్చున్నవాడెవడో గురువారం పొద్దున పాలు పోయనివాళ్ళ కోడ్‌లు ఏరుకున్నాడు. పోసినవాళ్ళవి పెడితే ఒకే మనిషికి రెండు వరుసలు వస్తాయని అతని భయం. వాళ్ళు ఎందుకు పోయలేదో తెలుసుకోవాలన్న ఆలోచన మాత్రం రాలేదు. పల్లెలో ఆవు ఈనుతుందనీ, ఈనితే పాలు ఇంట్లోనే ఉంటాయనీ అతని సర్వర్‌లో లేదు.

తిరిగి స్టేషన్‌కి వచ్చి ఇదంతా చెబితే రెడ్డెప్ప గడ్డం గోక్కున్నాడు. సాయిప్రసాద్ మాత్రం అరచేతులు రుద్దుకున్నాడు.

"థాంక్యూ మేడం. మీరే నా పని చేసిపెట్టారు. గౌరమ్మ పాలు పోయలేదు. అంటే ఎవరో బయటివాళ్ళ సోడా పాలను తాహిర్ ఆమె కోడ్ మీద రాసుకున్నాడు. నేరం ఇంకా పెద్దదైంది."

"ఆఁ, అట్లా కూడా ఉండొచ్చు గదా మేడం," అన్నాడు రెడ్డెప్ప.

"ఉండొచ్చు సార్, ఆ మూడు వరుసలు తాహిర్ కంప్యూటర్‌లో పుట్టి ఉంటే. పుట్టాయో లేదో ఇక్కడే చూద్దాం. కాసేపు నా మాట వినండి."

తాహిర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కొత్త ఫైలు తెరిచి, ఒకదాని కింద ఒకటి మూడు వరుసలు కొట్టి, దాచి, మూసి, మళ్ళీ తెరిచాను. విడివిడిగా ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో వేసి ఎస్‌ఐ గారి కొత్త కంప్యూటర్‌లో తెరిచాను. అక్కడా విడివిడిగానే ఉన్నాయి.

"మీరు కొట్టండి సార్," అన్నాను.

రెడ్డెప్ప ఒక్క వేలితో తన పేరు మూడుసార్లు కొట్టాడు. అవీ అతుక్కోలేదు.

"మనం వరుస మార్చినప్పుడల్లా కంప్యూటర్ ఆ చోట కంటికి కనపడని గుర్తు ఒకటి పెడుతుంది. ఇక్కడితో వరుస అయిపోయింది, కిందికి దిగు అని దానర్థం. అన్ని కంప్యూటర్లూ ఒకే గుర్తు పెట్టవు. తాహిర్‌ది, మీది ఒక జాతి. ఇవి రెండు గుర్తులు పెడతాయి. లైనక్స్ సర్వర్లు ఒక్కటే పెడతాయి. తాహిర్ కంప్యూటర్ పాతది. రెండూ ఉంటేనే దానికి వరుస అయిపోయినట్టు లెక్క. ఒక్కటే ఉంటే దానికి కనపడదు, అన్నీ కలిపి ఒకే వరుసగా చూపిస్తుంది. మీది కొత్తది, ఎట్లా ఉన్నా సర్దుకుంటుంది. అందుకే మీ ప్రింటులో శుభ్రంగా వచ్చాయి."

రెడ్డెప్ప అతుక్కున్న వరుస దగ్గరికి వంగి చూశాడు. "అంటే ఈ మూడిట్లో ఒక్క గుర్తే ఉండాది."

"ఆ ముప్పై ఎనిమిదీ తాహిర్ దగ్గర పుట్టాయి. ఈ మూడూ లైనక్స్ సర్వర్‌లో పుట్టాయి. మాకు లైనక్స్ సర్వర్ ఉంది, ఈగ కూడా దూరదని పొద్దున ఎవరో అన్నారు."

సాయిప్రసాద్ మొహంలో నవ్వు పోయింది. కానీ ఓడిపోయే రకం కాదు.

"ఇది స్కూలు పిల్లలకి చెప్పే పాఠం. ఒక సిస్టం నుంచి ఇంకో సిస్టంకి టెక్స్ట్ ఫైలు పంపేటప్పుడు ఈ గుర్తులు మారిపోతాయి. పంపే ప్రోగ్రామే మారుస్తుంది. అది సహజం. ట్రాన్స్‌ఫర్‌లో జరిగిన దానికి మా సర్వర్ మీద నింద వేస్తారా?"

"మారుస్తుంది. ఒప్పుకుంటాను. మార్చినప్పుడు వరుస వరుసకీ మారుస్తుంది. నలభై ఒక్క వరుసలూ అతుక్కుపోవాలి కదా సాయిప్రసాద్ గారూ. ముప్పై ఎనిమిదిని ముట్టుకోకుండా, సరిగ్గా తాహిర్‌ను జైలుకు పంపే మూడింటినే మార్చే ప్రోగ్రాం ఏదైనా ఉంటే దాని పేరు చెప్పండి. నేనూ కొనుక్కుంటాను."

అతను ఫోన్ కోసం జేబు తడుముకున్నాడు.

"మీకు ఇది పొద్దునే తెలుసు," అన్నాను. నా గొంతు పెరుగుతోందని తెలుస్తూనే ఉంది, తగ్గించుకోవాలనిపించలేదు. "స్కూలు పిల్లల పాఠం అని మీరే అన్నారు. ఆ పాఠం తెలిసి కూడా, తెలియని మనిషిని ఈ తెర ముందు నిలబెట్టి, ఇదిగో కెలికాడు అని చూపించారు. ఆ లోపల కూర్చున్న మనిషికి పెళ్ళాం ఉంది. ఆమె ఇంటి ముందు నిన్న జనం చేరి రాళ్ళు వేశారు. మీ ఫీజు ఎంతో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు."

"మాటలు జాగ్రత్త మేడం," అంటూ అతను ఫోన్ తీసుకుని బయటికి నడిచాడు. కాంపౌండ్ గోడ దగ్గర ఎవరితోనో చాలాసేపు మాట్లాడడం కిటికీలోంచి చూశాను.

రెడ్డెప్ప టోపీ పెట్టుకున్నాడు. "సర్వర్ అంటే నాకు తెల్దు మేడం. కానీ నా పేరు మూడుసార్లు కొడితే అతుక్కోలేదు. అది నేను సూసినాను. జీపెక్కండి, కుప్పం పోదాం."

కుప్పం ప్లాంటు మేనేజర్ మురళీధర్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. మేం వస్తామని అతనికి ఎవరూ చెప్పలేదు, సాయిప్రసాద్ తప్ప. లోపలికి తీసుకెళ్ళి, కాఫీ తెప్పించి, గోడ మీది రైతుల ఫోటోలు చూపించాడు. రైతే మాకు దేవుడు అన్నాడు. ఆ దేవుళ్ళలో ఒకరిని జైలుకు పంపబోయే మనిషి అంత తీరికగా కాఫీ తాగుతుంటే నేను నా కప్పు పక్కకు నెట్టేశాను.

"ఆ మూడు వరుసలు మీ సర్వర్‌లో చేర్చారని మాకు తెలుసు. ఎప్పుడు చేర్చారు?" అన్నాను.

నేను అడగబోయేది ఇదేనని అతను ముందే సిద్ధపడి ఉన్నాడు. కంగారు పడలేదు.

"దాచేదేముంది మేడం, అది మామూలే. లేట్ ఎంట్రీ అంటాం. సెంటర్‌లో ఏదైనా మిగిలిపోతే ఫోన్‌లో చెబుతారు, ఇక్కడ చేరుస్తాం. శుక్రవారం మధ్యాహ్నం పిల్లల సంగతి తెలిసింది. మాకు ప్రాణం పోయినంత పనయింది. వెంటనే అన్ని సెంటర్లకీ ఫోన్ చేశాం. తాహిర్ భయపడి, మూడు వరుసలు రాయకుండా వదిలేశానని ఒప్పుకున్నాడు. శుక్రవారం సాయంత్రం చేర్చాం. నిజం దాచకూడదనే చేర్చాం."

"శుక్రవారం సాయంత్రం."

"అవును."

"సార్, రాసుకోండి," అన్నాను రెడ్డెప్పతో. ఆయన రాసుకున్నాడు. మురళీధర్ సంతకం కూడా పెట్టాడు.

సర్వర్ గదిలో సుధారాణి అనే అమ్మాయి పనిచేస్తోంది. పాతికేళ్ళు కూడా ఉండవు. ఫైళ్ళు ఎట్లా వస్తాయని అడిగితే బెరుకు బెరుకుగా చెప్పింది. "దినమ్మూ పది గంటలకి అన్ని సెంటర్లవీ ఒకేసారి వస్తాయి మేడం. వచ్చిన టైమే ఫైలు పక్కన పడతాది. ఆ తర్వాత ఎవురైనా ముట్టుకుంటే ఆ టైము మారతాది."

"లేట్ ఎంట్రీ ఎవరు చేయగలరు?"

ఆమె మేనేజర్ వైపు చూసి తలదించుకుంది. "ఆ స్క్రీన్ సార్ పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటాది."

"గురువారం చౌడేపల్లె ఫైలు చూపించమ్మా. తెరవొద్దు, పక్కన టైము చూపించు చాలు."

మురళీధర్ ముందుకు వచ్చాడు. "అది కంపెనీ రహస్యం మేడం, హెడ్డాఫీసు అనుమతి లేకుండా..."

"సుధారాణీ, సూపించమ్మా," అన్నాడు రెడ్డెప్ప. ఆయన మురళీధర్‌కీ ఆ బల్లకీ మధ్య నిలబడ్డాడు.

తెర మీద గురువారం ఫైళ్ళు వరుసగా వచ్చాయి. అన్నింటి పక్కనా పది, పదీ ఒకటి. చౌడేపల్లె పక్కన మాత్రం పదకొండూ నలభై అని ఉంది. తేదీ గురువారం.

రెడ్డెప్ప రెండుసార్లు చదివాడు. తర్వాత తన చేతిలోని మురళీధర్ సంతకం చూశాడు. ఆయనకు సగమే అర్థమైనట్టుంది.

"శుక్రవారం కాదా ఇది?"

"కాదు సార్. గురువారం పదకొండూ నలభైకి రాశారు. ఆ పాలు గురువారం సాయంత్రం పాకెట్లయ్యాయి. శుక్రవారం పొద్దున పిల్లలు తాగారు." నేను తెర మీది టైమును వేలితో చూపించాను. "ఎవరికీ ఏమీ కాకముందే తప్పు ఎవరిదో రాసి పెట్టుకున్నారు. పాలల్లో సోడా వేసేది పులుపు చంపడానికే. షాపుల నుంచి వాపసొచ్చిన పులిసిన పాలను పారబోయడం ఇష్టం లేక ఇక్కడే వేశారు. ఎక్కువ పడిందని వీళ్ళకి తెలుసు. తెలిసి ఆ ట్యాంకును ఆపలేదు. ఆపడానికి బదులు ఇక్కడ కూర్చుని, ఎవరి నెత్తిన వేయాలా అని కోడ్‌లు ఏరుకున్నారు. ముందు ముద్దాయిని తయారు చేసి, తర్వాత పిల్లలకు పాలు పంపారు."

మురళీధర్ గోడకు ఆనుకున్నాడు. ఇప్పటిదాకా ఉన్న కాఫీ మర్యాద అంతా పోయింది.

"నేను పైవాళ్ళు చెప్పింది చేసినా," అన్నాడు. "నాకూ పిల్లలుండారు."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. రెడ్డెప్ప అతని చొక్కా పట్టుకోబోయి, తనను తాను ఆపుకుని, బయట ఉన్న కానిస్టేబుల్‌ను కేకేశాడు. పుంగనూరుకు ఫోన్ చేసి, తాహిర్‌ను కోర్టుకు తీసుకుపోవద్దని చెప్పాడు. "ఆయప్పకి ముందు అన్నం పెట్టండి," అన్నది కూడా విన్నాను.

నేను గెలిచినట్టే. బషీరాకు ఫోన్ చేయాలి. కానీ ఒక ఆలోచన నన్ను కదలనీయలేదు. గురువారం ఇంత తేలిగ్గా చేసినవాళ్ళు, పట్టుబడకుండా మూడు రోజులు గడిపినవాళ్ళు, ఒక్కసారితో ఎందుకు ఆపుతారు.

"సుధారాణీ, వచ్చాక మళ్ళీ ముట్టుకున్న ఫైళ్ళు ఇంకేమైనా ఉన్నాయా? అన్ని రోజులవీ చూడమ్మా."

ఆమె రెండు మూడు కీలు నొక్కింది. తెర మీద రెండే రెండు పేర్లు మిగిలాయి. ఒకటి చౌడేపల్లె. రెండోది బి.కొత్తకోట. తేదీ ఈ రోజుది. టైము పదకొండున్నర.

"తెరువు."

చివరి మూడు వరుసల్లో సోడా పరీక్ష ఫెయిల్ అని ఉంది. పక్కనే పాలు తీసుకున్నారు అని. కింద సెంటర్ ఆపరేటర్ పేరు ఆదినారాయణ. ఆ మనిషి ఈ పాటికి ఇంట్లో అన్నం తిని నడుం వాల్చి ఉంటాడు. ఎల్లుండి తన ఇంటి మీద రాళ్ళు పడతాయని అతనికి తెలియదు.

రెడ్డెప్ప మురళీధర్ వైపు తిరిగాడు. "ఈ పాలు యాడ ఉండాయి?"

మురళీధర్ తలుపు వైపు చూశాడు.

"యాడ ఉండాయి రా?"

జవాబు సుధారాణి చెప్పింది. ఆమె లోడింగ్ షెడ్డుకు ఫోన్ చేసి, విని, ఫోన్ పెట్టేయడం కూడా మరిచిపోయి చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"రెండింటికే లోడు బయలుదేరిపోయింది మేడం. డ్రైవర్ ఫోన్ ఎత్తలేదు. పెద్దమండ్యం అంగన్‌వాడీలకి. రేపు పొద్దున పిల్లోళ్ళకి కాసిస్తారు." ఆమె మళ్ళీ డ్రైవర్ నంబరు కొట్టింది. "మా అక్క కూతురు ఆడికే పోతాది."